సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత: దాని నెఱుగుటకు దోడ్పడు గ్రంథములు

దేహమునకు జ్వరము వచ్చినపుడు ఇంటివారు రోగిని నిందింపరు. మందును పథ్యమును జూచెదరు. మనస్సునకు రోగము వచ్చినపుడు మాత్రము పొగరనియు, మొండితనమనియు, పెంపకపు లోపమనియు పలుకుదురు. ఇట్టి నిందకు మిక్కిలి గుఱియైన రోగములలో నొకటి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనబడునది. దీనినే తెలుగున సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత యనవచ్చును. ఇది తఱచుగా కౌమారమునందో యౌవనారంభమునందో పొడచూపును. కావున బిడ్డలను ఉన్నత పాఠశాలకు బంపు తలిదండ్రులును, వారికి బోధించు ఉపాధ్యాయులును దీనిని గూర్చి కొంత యెఱిగియుండుట మేలని తలంచి, ఇందుకు అక్కరకు వచ్చు కొన్ని ఆంగ్ల గ్రంథములను ఇచ్చట పరిచయము చేయుచున్నాము.

మొదట ఈ పేరు ఎట్లు వచ్చెనో చెప్పెదము. 1938లో న్యూయార్కు నగరమునందలి అడాల్ఫ్ స్టెర్న్ అను మనోవిశ్లేషకుడు, నాటి వర్గములలో దేనియందును ఇమడని కొందఱు రోగులను వర్ణించుచు ఈ మాటను వాడెను. వారు స్వల్ప మనోవ్యాధికిని తీవ్రమైన ఉన్మాదమునకును నడుమ నున్న పొలిమేరయందున్నట్లు తోచిరి. నేటి వైద్యులు ఆ భావనను విడిచిరి గాని పేరు మాత్రము నిలిచిపోయినది. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘమువారు ప్రకటించిన రోగనిర్ణయ గ్రంథపు మూడవ కూర్పునందు ఇది ప్రత్యేక రోగముగా జేర్పబడెను.

ఆ గ్రంథమునందు దీనికి నేడు తొమ్మిది లక్షణములు చెప్పబడియున్నవి. తన్ను విడిచిపోవుదురేమో యను తీవ్రభయము, ఒకరిని నేడు దేవతగా నెంచి రేపు ద్వేషించుట, తానెవరో తనకే నిలుకడగా తోచకుండుట, ముందువెనుకలు చూడక పనులు చేయుట, తన్ను తాను గాయపరచుకొనుట, గడియ గడియకు మాఱు చిత్తవృత్తి, లోపల నంతయు శూన్యమను భావము, పట్టరాని కోపము, కష్టసమయమున ఇతరులను అనుమానించుట లేక పరిసరజ్ఞానము తప్పుట యనునవి యవి. వీనిలో కనీసము అయిదు దీర్ఘకాలము నిలిచియుండినగాని ఈ రోగమని నిర్ణయింపరాదు. ఇందువలన ఒక వింత గలదు. ఇద్దఱు రోగులకు ఒక్క లక్షణము మాత్రమే సమానముగా నుండి, తక్కినవన్నియు వేఱుగా నుండవచ్చును. ఒకనిని జూచినంతమాత్రమున మఱియొకనిని ఎఱిగితిమని తలంపరాదు.

సామాన్య పాఠకుడు మొదట చదువదగినది జెరోల్డ్ క్రైస్మన్ అను వైద్యుడును, హాల్ స్ట్రాస్ అను రచయితయు గలసి 1989లో ప్రకటించిన ‘ఐ హేట్ యు, డోంట్ లీవ్ మి’ యను గ్రంథము. ‘నిన్ను ద్వేషించుచున్నాను, నన్ను విడువకుము’ అని ఆ పేరునకు అర్థము. పరస్పర విరుద్ధములైన ఈ రెండు మాటలును ఒక్క నోట ఒక్క దినముననే వచ్చుట ఇంటివారికి కపటముగా తోచును. రెండును ఆ క్షణమునకు నిజములే యని గ్రహించుటయే ఈ రోగము నెఱుగుటలో మొదటి మెట్టు.

చికిత్స విషయమున అందఱు స్మరింపదగిన పేరు మార్షా లైనహాన్. అమెరికాలోని సియాటిల్ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునందు పని చేసిన ఈమె, డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ యను పద్ధతిని నిర్మించి, 1993లో దానిని గూర్చి వైద్యుల కొక పెద్ద గ్రంథమును, శిక్షణ కొక పుస్తకమును ప్రకటించెను. పుట్టుకతోనే తీవ్రముగా స్పందించు మనస్సును, ఆ బాధను బాధగా అంగీకరింపని పరిసరములును కలిసినపుడు ఈ రోగము పెరుగునని ఆమె సిద్ధాంతము. ఒళ్లంతయు కాలినవానికి చిన్న స్పర్శయు దుర్భరమైనట్లే, వీరికి చిన్న మాటయు దుర్భరమగునని ఆమె పోల్చి చెప్పెను. ఈ పద్ధతిలో నాలుగు నేర్పులు బోధింపబడును: ప్రస్తుత క్షణమును ఎఱుకతో గమనించుట, దుఃఖమును మఱింత చెఱుపు చేసికొనక సహించుట, ఉద్రేకములను పాలించుట, ఇతరులతో తగురీతిని మెలగుట. ఉద్రేకము పొంగినపుడు చన్నీటితో ముఖము కడుగుకొని మెల్లగా ఊపిరి విడుచుట వంటి సులభోపాయములు సయితము ఇందులో గలవు. ఇంటియొద్ద అభ్యాసము చేయగోరువారికి మెకే, వుడ్, బ్రాంట్లీ యను మువ్వురు 2007లో వ్రాసిన అభ్యాస పుస్తకము ఉపయోగపడును.

లైనహాన్ జీవితమే యొక పాఠము. 1961లో పదునేడేండ్ల ప్రాయమున ఆమె హార్ట్‌ఫర్డ్ నగరపు మానసిక వైద్యశాలలో రోగిగా జేర్పబడెను. ఈ సంగతిని 2011లో ఆ వైద్యశాలయందే సభలో బహిరంగముగా జెప్పి, 2020లో ‘బిల్డింగ్ ఎ లైఫ్ వర్త్ లివింగ్’ అను ఆత్మకథయందు వివరించెను. తాను పడిన గోతినుండి వెలుపలికి వచ్చి ఇతరులకు నిచ్చెన వేసినవారి మాట యగుటచే ఆ గ్రంథమునకు ప్రత్యేకమైన విలువ గలదు.

రోగులు స్వయముగా వ్రాసిన వానిలో రేచెల్ రైలండ్ గారి ‘గెట్ మి అవుట్ ఆఫ్ హియర్’ (2004), కీరా వాన్ గెల్డర్ గారి ‘ది బుద్ధ అండ్ ది బోర్డర్‌లైన్’ (2010) ప్రసిద్ధములు. మొదటిది చిన్నబిడ్డలు గల యొక తల్లి కోలుకొనిన కథ. ఇట్టి ఆత్మకథలలో గాయపరచుకొనుటను గూర్చిన వర్ణనలుండును. కావున మనస్సు కలతపడియున్న విద్యార్థి వీనిని ఒంటరిగా చదువరాదు.

ఇక కుటుంబమువారి కొఱకు వ్రాసినవి. పాల్ మేసన్, రాండీ క్రెగర్ గార్లు 1998లో ప్రకటించిన ‘స్టాప్ వాకింగ్ ఆన్ ఎగ్‌షెల్స్’ మిక్కిలి ప్రచారము గలది. ఎల్లప్పుడు భయపడుచు మెలగెడు బంధువులకు హద్దులు ఏర్పరచుకొను విధమును అది నేర్పును. అయితే అది బంధువుల పక్షమున వ్రాయబడినదగుటచే, రోగి దానిని మొదట చదివినయెడల మనస్సు నొచ్చుకొనవచ్చును. దానికి జోడుగా వాలెరీ పోర్ గారి కుటుంబ మార్గదర్శిని (2010), షారీ మానింగ్ గారి ‘లవింగ్ సమ్‌వన్ విత్ బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్’ (2011) చదువవలెను. రోగి లోపలి బాధను ఇవి కరుణతో వివరించును.

ఈ గ్రంథములలో ముఖ్యమగు బోధన నొక దృష్టాంతముతో జెప్పెదము. ఒక బాలిక బడి విడిచిన వెనుక స్నేహితురాలి కొఱకు కాచుకొనియుండగా, ఆమె వేఱొకతెతో ముందుగా వెళ్లిపోయెను. బాలిక ఇంటికి వచ్చి పుస్తకములు చింపివేసి, అన్నము మానెను. ‘ఇంతమాత్రమునకా?’ అని తల్లి గద్దించినయెడల మంట హెచ్చును. ‘నిన్ను విడిచిపోయినదని నీకు మిక్కిలి నొప్పి కలిగినది గదా, అమ్మా, అయినను పుస్తకములు చింపుట తగదు’ అనినయెడల రెండు పనులు నెరవేరును. బాధను అంగీకరించుట వేఱు, చేతను అంగీకరించుట వేఱు. మొదటిదానిని నిరాకరించినపుడు రెండవదానిని సరిదిద్దుట అసాధ్యము.

చదువరులకు మూడు హెచ్చరికలు. పుస్తకము చదివి ఎవ్వరికిని ఈ పేరు తగిలింపరాదు. కౌమారమున చిత్తము చలించుట సహజము, నిర్ణయము వైద్యునిది. కలహసమయమున ‘నీ రోగమే యిట్లు పలికించుచున్నది’ యని గ్రంథమును ఆయుధముగా వాడరాదు. మూడవది మిక్కిలి ముఖ్యము: చచ్చెదనను మాటను నటనగా నెంచి త్రోసివేయరాదు. ఈ రోగమున ప్రాణాపాయము నిజముగా గలదు. అట్టి మాట వినబడినపుడు రోగిని ఒంటరిగా విడువక వెంటనే వైద్యసహాయము పొందవలెను. మన దేశమున 2022లో ప్రారంభింపబడిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినయెడల తెలుగుననే మాటాడవచ్చును. ఈ రోగమునకే ప్రత్యేకముగా నిర్ణయింపబడిన మందు లేదు. శిక్షితుడైన చికిత్సకునితో క్రమముగా సంభాషించుటయే ప్రధాన చికిత్స.

ఇది కుదురని రోగమని పూర్వము తలంచిరి. ఆ తలంపు తప్పని మేరీ జనరీని గారు అమెరికాలోని మెక్లీన్ వైద్యశాలలో చేసిన పరిశోధనము చూపినది. అచ్చట చికిత్స పొందిన 290 మందిని పదేండ్లు గమనింపగా, నూటికి 93 మందికి కనీసము రెండేండ్లపాటు రోగలక్షణములు ఉపశమించినవని 2010లో ప్రకటింపబడెను. సగము మంది స్నేహములందును వృత్తియందును గూడ చక్కగా నిలదొక్కుకొనిరి. తక్కిన సగమునకు ఆ రెండింటిలో ఒకటైనను ఇంకను కష్టముగనే యుండెను. కావున లక్షణములు తగ్గినంతమాత్రమున ఇంటివారు తమ పని ముగిసినదని యెంచక, చదువునకును ఉద్యోగమునకును స్నేహములకును తోడ్పడవలెను. ఆంగ్లము చదువనేర్చిన పెద్దలు ఈ గ్రంథములలో ఒకదానినైనను చదివి, తెలియని యింటివారికి తెలుగున వివరింతురేని, మన యిండ్లలో నిందకు బదులు చికిత్స ప్రవేశించును.