'గారు' ఎవరికి? పిలుపులో పిల్లలు నేర్చుకునే కులం

కులం గురించి పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పే తల్లిదండ్రులు అరుదు. అయినా ఎవరి ఇంట్లోకి నేరుగా వెళ్లొచ్చో, ఎవరి గడప బయట ఆగాలో ఊళ్లో పదేళ్ల పిల్లలకు తెలిసిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లను చూస్తూ, వింటూ సమాజపు పద్ధతుల్ని ఇలా ఒంటబట్టించుకోవడాన్నే సామాజికీకరణ అంటారు. మన దగ్గర అది జరిగే ముఖ్యమైన చోట్లలో పిలుపు ఒకటి.

తెలుగు ఊళ్లలో వరస కలపడం మర్యాద. రక్తసంబంధం లేకపోయినా మామా, బాబాయ్, పెద్దమ్మా అని పిలుచుకుంటాం. ఈ మర్యాద చాలా ఊళ్లలో దళితవాడ దగ్గర ఆగిపోతుంది. భూస్వామి ఇంటి పిల్లవాడు తాత వయసున్న పాలేరును పేరు పెట్టి 'ఏరా' అంటాడు. ఆ పెద్దాయన మాత్రం పిల్లవాణ్ణి 'బాబుగారూ' అనాలి. తెలంగాణలో అయితే 'చిన్న దొరా' అనాలి. పక్కన నిలబడిన పాలేరు మనవడు ఇదంతా వింటాడు. వయసు కన్నా కులమే పెద్దదని మొదటి పిల్లవాడికి అర్థమవుతుంది. వాడ దాటితే తన తాతకు పెద్దరికం లేదని రెండోవాడికి అర్థమవుతుంది.

ఆ రాత్రి ఇంట్లో 'వాళ్లకు ఎదురు మాట్లాడకు' అని తల్లి హెచ్చరిస్తుంది. దీన్ని బానిస మనస్తత్వం అని కొట్టిపారేయకూడదు. ఎదురు మాట్లాడితే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. బిడ్డ ప్రాణం కాపాడుకోవడానికి ఆమె నేర్పే జాగ్రత్త అది.

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన బాల్యం గురించి రాశారు. బడిలో తను విడిగా కూర్చోవాలని, కింద పరుచుకునే గోనెపట్టా రోజూ ఇంటికి మోసుకెళ్లాలని, వేరేవాళ్లు కుళాయి తిప్పితేనే నీళ్లని పదేళ్ల వయసుకే ఆయనకు తెలుసు. ఇలా నేర్చుకున్నది శరీరంలో స్థిరపడిపోవడాన్ని ఫ్రెంచ్ సామాజికవేత్త పియర్ బోర్దియూ 'హాబిటస్' అన్నారు. ఎక్కడ నిలబడాలి, గొంతు ఎంత పెంచాలి అని అప్పుడు ప్రతిసారీ ఆలోచించనక్కర్లేదు. ఒళ్లే ఆ పని చేసేస్తుంది.

ఇది మన ఒక్క దేశం కథ కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జాతి విభజన చట్టాలున్న కాలంలో తెల్లవాళ్లు నల్లజాతి పెద్దవాళ్లను 'బాయ్' అనేవాళ్లు, లేదా ఉత్త పేరుతో పిలిచేవాళ్లు. మిస్టర్, మిస్ అనే గౌరవం వాళ్లకు దక్కేది కాదు. 1963లో అలబామా కోర్టులో పౌరహక్కుల కార్యకర్త మేరీ హామిల్టన్‌ను ప్రభుత్వ న్యాయవాది 'మేరీ' అని పిలిచాడు. 'మిస్ హామిల్టన్' అంటేనే జవాబు చెబుతానని ఆమె పట్టుబట్టారు. కోర్టు ధిక్కారం కింద ఆమెకు జైలుశిక్ష, జరిమానా వేశారు. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

వర్గం కూడా పిల్లల్ని వేర్వేరుగా తయారుచేస్తుంది. అమెరికన్ సామాజికవేత్త అనెట్ లారూ 2003లో వచ్చిన 'అనీక్వల్ చైల్డ్‌హుడ్స్'లో దీన్ని వివరించారు. అందులో ఒక మధ్యతరగతి తల్లి కొడుకును డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, ఏమేం అడగాలో ముందే ఆలోచించుకోమంటుంది. అడగడం తన హక్కనే ధీమా ఆ పిల్లవాడికి అలా వస్తుంది. కార్మిక కుటుంబాల పిల్లలకు అధికారుల ముందు ఒదిగి ఉండడం అలవాటవుతుంది. కులం ఉన్నచోట ఇంకో అడ్డంకి కూడా ఉంది. దళిత పిల్లలు ఆ ధీమా చూపిస్తే 'పొగరు' అని శిక్షించే సమాజం ఇది.

ఇంటర్వ్యూలో, వైవాలో 'కాన్ఫిడెన్స్ లేదు' అన్న మాటను ఈ నేపథ్యంలో వినాలి. ఒకరికి తరతరాలుగా నేర్పిన ధీమాకు ప్రతిభ అని పేరు. ఇంకొకరికి బలవంతంగా నేర్పిన జంకుకు లోపం అని పేరు. మార్కులు పడేది ఈ పేర్లను బట్టే.

కులం పేరుతో బహిరంగంగా దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కులం పేరు ఎత్తకుండా అనే 'ఏరా'ను నేరంగా రుజువు చేయడం కష్టం. అందుకే ఈ పోరాటం కోర్టులతో పాటు రోజువారీ మాటలో కూడా జరగాలి. 'జై భీమ్' అంటే తిరిగి 'జై భీమ్' అనే జవాబు వస్తుంది. ఆ పలకరింపులో పెద్దకులం, చిన్నకులం లేవు. దాన్ని వింటూ పెరిగే పిల్లలు వేరే పాఠం నేర్చుకుంటారు.

ఇదే పరీక్ష మన ఇళ్లకూ, సంఘాలకూ పెట్టుకోవాలి. భర్త 'నువ్వు' అంటే భార్య 'మీరు' అనే ఇంట్లో పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు? మన సభల్లో టీ అందించే ఆమెను, హాలు ఊడ్చే ఆయన్ను ఏమని పిలుస్తున్నాం? మాల, మాదిగ ఉపకులాల పెద్దల్లో ఎవరికి 'గారు' చేరుస్తున్నాం, ఎవరికి మరిచిపోతున్నాం? విద్యార్థి సంఘాలు ఒక వారం పాటు తమ హాస్టల్లో, డిపార్ట్‌మెంట్‌లో ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తున్నారో రాసి పెట్టి చర్చకు తేవచ్చు. దానికి కావలసింది ఒక నోటుబుక్కు, ఓపిగ్గా వినే చెవి.