పాల చేపుపై అధివృక్క గ్రంథుల ప్రభావం
పశువులలో అధివృక్క గ్రంథులు మూత్రపిండాలకు సమీపంలో జతగా ఉంటాయి. వీటి లోపలి దవ్వ ఎడ్రినలిన్‌ను, వెలుపలి వల్కలం కార్టిసాల్ వంటి హార్మోన్లను స్రవిస్తాయి.

దూడ కుడిచినపుడు పీయూష గ్రంథి నుండి విడుదలయ్యే ఆక్సిటోసిన్ రక్తం ద్వారా పొదుగును చేరి, పాలు ఊరే సూక్ష్మ తిత్తుల చుట్టూ ఉన్న కణాలను సంకోచింపజేస్తుంది. దీనినే చేపు అంటారు. ఆ సమయంలో పశువును కొట్టినా, బెదరగొట్టినా ఎడ్రినలిన్ వెలువడి పొదుగులోని రక్తనాళాలు కుంచించుకుపోతాయి. ఆక్సిటోసిన్ సరిగా అందక పశువు పాలు ఎగచేపుతుంది. ఇది తరచుగా జరిగితే, పొదుగులో మిగిలిపోయే పాల వలన దిగుబడి క్రమంగా తగ్గుతుంది.

ఒత్తిడి దీర్ఘకాలం కొనసాగినపుడు కార్టిసాల్ అధికమై రోగనిరోధక శక్తి క్షీణిస్తుంది. కావున ప్రతిదినం ఒకే వేళకు, పశువుకు అలవాటైన వారే, ప్రశాంత వాతావరణంలో పాలు పితకడం శ్రేయస్కరం.