తోలు ఒలుచు కత్తిని ఎన్నుకొను విధము
(రైతులకును, గొఱ్ఱెల మేకల పెంపకందారులకును)

గొఱ్ఱెను గాని మేకను గాని కోసినపుడు మాంసమును జాగ్రత్తగా తూచి పంచుకొనుట అందఱకును తెలిసినదే. తోలును మాత్రము మిగిలిపోయిన వస్తువువలె ఒక మూలకు త్రోసివేయుచుందురు. తోళ్ల వర్తకుడు వచ్చి దానిని నేలపై పఱచి, వెంట్రుకల వైపు చూచిన పిదప త్రిప్పి కండ వైపు చూచును. అచ్చట ఒక చిల్లు గాని, నాలుగు గాట్లు గాని కన్పించెనా, వెల తగ్గినదే. ఆ జీవము ఎంత మంచి మేత మేసినదో, ఎంత శ్రద్ధతో పెంచబడినదో అతడు విచారింపడు. చాల కాలము పెంచినందున తోలునకు వచ్చిన విలువ పావుగంట పనిలో పోవుచున్నది. ఈ నష్టమునకు పనివానిని నిందించుట వాడుక. అయితే అనేక పర్యాయములు దోషము అతని చేతిలోని కత్తియందే ఉండును.

2019వ సంవత్సరపు 20వ పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణము దేశమునకెల్ల మొదటిదిగా నిలిచెను. అప్పటి లెక్క సుమారు 1 కోటి 90 లక్షలు. ఇన్ని తోళ్లు లభించు చోట కత్తిని గూర్చి నాలుగు మాటలు తెలిసికొనుట వ్యర్థము కాదు.

1. గాటు వలన నష్టమెట్లు కలుగును?

తోలు సన్నని నారల అల్లిక. కండ వైపున కత్తి సగము మందము వఱకు దిగినచో పైకి చిల్లు కన్పింపదు. కావున పనివాడు దానిని లెక్కింపడు. కాని ఊనువారు ఆ తోలును శుభ్రపఱచి, కండ వైపు చెక్కి పలుచన చేసినపుడు ఆ గాటు బయటపడును. అట్టి తోలును చెప్పుల అచ్చుపై సాగదీసినచో అచ్చటనే చినుగును. చిల్లు పడిన తోలునందైతే, ఆ చిల్లును తప్పించి ముక్కలు కోయవలసివచ్చుటచే చాల భాగము వ్యర్థమగును. నడుము, వీపు భాగములు తోలులో శ్రేష్ఠమైనవి. అచ్చట పడిన గాటు మెడపై పడిన గాటుకంటె హెచ్చు నష్టకరము.

2. ఎట్టి కత్తులు పనికిరావు?

ఇంట కూరలు తరుగు కత్తి, కొడవలి, పొడవైన మాంసపు కత్తి ఈ పనికి తగవు. నిటారుగా నుండి మొన వాడిగానున్న కత్తి, చేయి ఏ మాత్రము వంగినను తోలులోనికి దిగును. అంగళ్లలో వేటకత్తులని అమ్మునవి చూపునకు మిక్కిలి సొగసుగా నుండును. కొన్నిటి వీపున ఱంపపు పండ్లుండును, కొన్నిటికి రెండు వైపుల వాదర యుండును. వీపున పండ్లున్నను, వాదర యున్నను తోలు చినుగుటయు, వ్రేళ్లు తెగుటయు తప్ప ప్రయోజనము లేదు. ఉత్తర అమెరికా దేశములలో లేళ్లను వేటాడి ఒలుచువారిలో అనుభవజ్ఞులు సైతము నాలుగంగుళముల చిన్నకత్తినే మెచ్చుకొందురు. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. కావున ఇచ్చట చెప్పునదంతయు ఇంట పెంచిన జీవములకే వర్తించును.

3. రెండు కత్తులు కావలెను

ఒకే కత్తితో అన్ని పనులు చేయబూనుటయే తప్పులకు మూలము.

మొదటిది మొనకత్తి. దీని అలుగు నిటారుగాను, నాలుగైదు అంగుళముల పొడవుగాను ఉండవలెను. తోలును మొదట చీల్చుటకు మాత్రమే దీనిని వాడవలెను.

రెండవది వంపుకత్తి. దీని అలుగు అయిదారు అంగుళముల పొడవు కలిగి, వెడల్పుగానుండి, వాదర చివరివైపు పైకి వంగియుండవలెను. చివర సూదివలె గాక గుండ్రముగా ముగియవలెను. ఈ వంపు వలన వాదరలో కొలదిభాగమే ఒకసారి తగులును. గుండ్రని చివర తోలులో గ్రుచ్చుకొనదు. మొనకత్తితో ప్రారంభించి, చీల్చుట ముగిసిన వెంటనే దానిని ప్రక్కన పెట్టి, వంపుకత్తిని చేతికి తీసికొనవలయును.

4. ఉక్కును, పిడిని పరీక్షించుట

మామూలు ఉక్కు కత్తికి సులభముగా పదును వచ్చును. కాని తడిలో విడిచినచో తుప్పు పట్టును. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పును ఎక్కువగా తట్టుకొనును; కాని దానికి పదును పెట్టుటకు తఱచు హెచ్చు ఓపిక కావలయును. తుడిచి నూనె రాయు అలవాటున్నవారు మొదటిదానిని, లేనివారు రెండవదానిని కొనుట మేలు. మన ప్రాంతమునకు ఉక్కు పని క్రొత్త కాదు. నిజామాబాదు జిల్లాయందలి కోనసముద్రమున తయారైన ఉక్కును పూర్వము పారసీక వర్తకులు కొనిపోవుచుండిరి. నేడు లారీ కమానుపట్టీతో కమ్మరిచేత మంచి కత్తిని చేయించుకొనవచ్చును. అయితే ఎఱ్ఱగా కాల్చి నూనెలో ముంచిన ఉక్కు గాజువలె పెళుసుగానుండును. మరల సన్నని వేడి చూపి ఆ పెళుసుదనమును తగ్గింపుమని కమ్మరితో తప్పక చెప్పవలయును.

పిడి నెత్తురు, క్రొవ్వు అంటినను జాఱని దిగా నుండవలెను. వ్రేళ్లు వాదరపైకి జాఱకుండ పిడి ముందు అడ్డుగట్టు ఉండవలెను. పిడికిని అలుగునకును మధ్య సందున్నచో అందు మురికి చేరి క్రుళ్లును, అట్టిదానిని కొనరాదు.

5. పదును

మొద్దుకత్తి ప్రమాదము లేనిదని తలంచుట పొరపాటు. అది తెగనందున బలముగా నొక్కుదుము; నొక్కిన కత్తి జాఱును. సానరాతిపై రాయునపుడు అలుగును సుమారు 20 డిగ్రీలు లేపి పట్టవలెను. అనగా అంగుళము వెడల్పుగల కత్తియైనచో దాని వీపు రాతికి అంగుళములో మూడవవంతు ఎత్తున ఉండవలెను. రెండు వైపుల సమముగా రాచి, కడపట పాత తోలుపట్టీపై వెనుకకు లాగి నునుపు చేయవలెను.

6. వాడు విధము

జీవము చల్లబడకముందే ఒలువవలెను. ఆలస్యమైనకొలది తోలు పట్టుకొనిపోవును. మొనకత్తి వాదరను పైకి త్రిప్పి, తోలు క్రిందినుండి పైకి చీల్చవలెను. అట్లు చేసినచో వెంట్రుకలు తెగి మాంసముపై పడవు, పదునును చెడదు. గొంతునుండి పొట్ట నడిమి గీతవెంట తోక వఱకును, కాళ్ల లోపలివైపునను చీల్చిన పిదప, గొఱ్ఱె మేకల తోలును చాలవఱకు పిడికిలితో నెట్టియే ఊడదీయవచ్చును. పిడికిలి గాటు పెట్టదు. అది సాగని చోటులందే వంపుకత్తిని వాడి, తోలును ఎడమచేత బిగువుగా లాగిపట్టి, వాదర తోలు వైపు తిరుగకుండ చూచుకొనవలెను. పని ముగిసిన పిమ్మట కత్తులను కడిగి, 82 డిగ్రీల వేడికి తగ్గని నీటిలో ముంచి తీయవలయును. తోలును కొన్ని గంటలలోనే, దాని బరువులో 10 పాళ్లకు 4 పాళ్ల చొప్పున ఉప్పు పట్టించి నీడయందుంచవలెను.

7. కత్తి తాకరాని జీవము

ఇంతవఱకు చెప్పినది మఱచినను, ఇది మఱువరాదు. సాయంకాలము బాగుగానుండిన జీవము తెల్లవాఱునప్పటికి హఠాత్తుగా చచ్చి, త్వరగా ఉబ్బి, ముక్కు, నోరు, మలద్వారములనుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కాఱుచున్నచో అది దొమ్మరోగము, అనగా ఆంత్రాక్సు అని అనుమానింపవలెను. ఈ చిహ్నములన్నియు ప్రతిసారి కన్పింపకపోవచ్చును. కావున కారణము తెలియని హఠాన్మరణమేదైనను అనుమానింపదగినదే. అట్టి కళేబరమును కోయరాదు, ఒలువరాదు, మాంసమును తినరాదు. కోసినచో లోపలి సూక్ష్మజీవులు గాలి తగిలి గట్టి బీజములుగా మాఱి, నేలలో అనేక సంవత్సరములు జీవించును. స్కాట్లండు తీరమందలి గ్రూయినార్డు అను ద్వీపమున 1942లో గొఱ్ఱెలపై ఈ బీజములను పరీక్షించిరి. ఆ నేలను శుద్ధి చేసి, అది నిరపాయకరమని ప్రకటించుటకు 1990 వఱకు పట్టెను.

వెంటనే పశువైద్యునికి తెలుపవలయును. 2009వ సంవత్సరపు పశువుల అంటురోగముల చట్టము ప్రకారము ఇట్లు తెలుపుట యజమాని విధి. వైద్యుని సలహాపై కళేబరమును కాల్చుట గాని, ఆఱడుగుల లోతున సున్నముతో పాతిపెట్టుట గాని చేయవలెను. తెలియక తాకినవాని చేతిపై నొప్పిలేని పుండు లేచి నల్లని పక్కు కట్టినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను; త్వరగా మందు పడినచో ఇది నయమగును.

తోలు వెల కొలది రూపాయలు. ఆ రూపాయలను నిలుపుకొనుటకు మంచి కత్తి సాధనము. అయితే కత్తిని ఎప్పుడు దింపవలయునో తెలిసినవాడే తన మందను, తన యింటివారిని కాపాడుకొనును.