ఉత్తరములు మోసిన పక్షులు: హాలండు విమానసంఘ చరిత్రము

దూరదేశమున నున్నవారికి సందేశ మంపవలసి వచ్చినపుడు మన కవులు పక్షులను, మేఘములను ఆశ్రయించిరి. దమయంతికి నలుని వృత్తాంతము తెచ్చినది హంస. యక్షుని విరహవేదనను మోసినది మేఘము. రెక్కలు గల దూత కొండలను, సముద్రములను లెక్కసేయక పోగలదను నాశయే యీ కల్పనలకు మూలము. ఇరువదవ శతాబ్దమున ఐరోపాఖండములోని యొక చిన్నదేశమువారు ఆ యాశను నిజము చేయబూని, తమ విమానములకు పక్షుల పేర్లు పెట్టి, వానిచేత మూటలకొలది యుత్తరములను మోయించిరి. ఆ దేశము హాలండు. ఆ పని చేసిన సంఘము కే. ఎల్. ఎం. అను పేర నేటికిని నడుచుచున్నది. దాని చరిత్రము సోదరీమణులు తెలిసికొనదగినది. ఏలయన, అది యంత్రముల చరిత్రము మాత్రమే గాదు, ఎదురుచూచిన యిండ్ల చరిత్రము గూడ.

హాలండు మిక్కిలి చిన్నదేశము. దాని నేలలో గొంతభాగము సముద్రమట్టమునకు దిగువ నున్నది. అయినను ఆ కాలమున జావా, సుమత్రా మొదలగు ద్వీపములు దాని యేలుబడిలో నుండెను. ఉద్యోగములకును, తోటలపనికిని, వర్తకమునకును వేలకొలది డచ్చివారు అచటికి బోయి కాపురములుండిరి. ఓడప్రయాణము ఇంచుమించొక నెల. తల్లి వ్రాసిన యుత్తరము కొడుకునకు జేరుట కొక నెల. ప్రత్యుత్తరము వచ్చుట కింకొక నెల. జ్వరమని వ్రాసిన యుత్తరము చేరునప్పటికి ఆ జ్వరము తగ్గియైన నుండును, లేదా చేయదగిన దేదియు మిగులకయైన నుండును. కొడుకులను రంగూనునకు బంపి, ఓడ యెప్పుడు వచ్చునాయని రేవువైపు చూచిన ఆనాటి మన తెలుగుతల్లులకు ఈ బాధ తెలియనిది గాదు. ఆ ద్వీపవాసుల స్వాతంత్ర్యమును హరించిన యేలుబడిని మనము మెచ్చుకొన బనిలేదు. కాని ఉత్తరమునకై కనిపెట్టుకొని యుండు తల్లి మనస్సు ఏ జాతియందైనను ఒక్కటే.

ఈ సంఘమును మొలకనాటినుండి పెంచినవాడు ఆల్బర్టు ప్లెస్మను. ఇతడు 1889లో హేగు పట్టణమున ఒక గ్రుడ్లవర్తకుని యింట జన్మించెను. సైన్యమున జేరి విమానము నడుపుట నేర్చెను. మొదటి మహాయుద్ధము ముగిసిన పిదప, 1919లో ఆమ్‌స్టర్‌డాము నగరమున జరిగిన గొప్ప విమానప్రదర్శనమునకు ఇతడే ముఖ్యనిర్వాహకుడు. ఆరు వారములలో సుమారు ఐదులక్షల జనులు దానిని జూచిరి. యుద్ధమున బాంబులు వేసిన యంత్రమే శాంతికాలమున మనుష్యులను దగ్గర చేయగలదని జనులకు నమ్మకము కలిగెను. ఆ యేడు అక్టోబరు 7వ తేదీన సంఘ మేర్పడెను. అంతకు బూర్వమే విల్హెల్మినా రాణి దాని పేరునకు ముందు రాచబిరుదు వాడుకొన ననుజ్ఞ యిచ్చెను. పేరులోని మొదటి యక్షరము ఆ బిరుదునకు గుర్తు.

సంఘ మేర్పడినది గాని విమానములు లేవు. అద్దెకు దెచ్చిన యింగ్లీషు విమానమే 1920 మే 17వ తేదీన లండనునుండి ఆమ్‌స్టర్‌డామునకు వచ్చెను. అందు బ్రయాణము చేసినవారు ఇద్దరు పత్రికావిలేఖరులు. వారితో వచ్చినవి కొన్ని వార్తాపత్రికలు, లండను నగరాధ్యక్షుడు ఆమ్‌స్టర్‌డాము నగరాధ్యక్షునకు వ్రాసిన యొక యుత్తరము. తొలినాటి సామానులోనే ఉత్తర ముండుట గమనింపదగినది. ఆ సంవత్సరము మొత్తముమీద ప్రయాణికులు 440 మంది. సామాను 22 టన్నులు. చలికాలము రాగా బ్రయాణము లాపి, 1921 ఏప్రిలులో మరల మొదలుపెట్టిరి. విమానములు దిగు స్కిపోల్ మైదానము ఒకప్పుడు పెద్దసరస్సు. 1852 నాటికి దాని నీటిని తోడివేసి నేల జేసిరి. పూర్వము పడవలు తిరిగిన చోట విమానములు దిగజొచ్చెను.

ప్లెస్మను చూపు లండనుపై గాదు, జావాపై నుండెను. 1924 అక్టోబరు 1వ తేదీన ఒకే యంత్రము గల ఫొక్కరు విమానము, వాన్ డర్ హూప్ మొదలగు ముగ్గురితో, జావాలోని బటావియా నగరమునకు బయలుదేరెను. మూడవనాడే బల్గేరియాలో యంత్రము చెడి, విమానము నేల దిగవలసివచ్చెను. క్రొత్తయంత్రము లేనిదే కదలుటకు వీలులేదు. అపుడు హాలండులోని హెట్ లేవెన్ అను సచిత్రపత్రికవారు ఆ ఖర్చునకు బూనుకొనిరి. ఇంటివారు తీరికవేళ చదువుకొను పత్రిక యొక దేశపు సాహసమును నిలిపినదన్న మాట. ఒక నెల కనిపెట్టుకొని యుండి, యంత్రము మార్చి, కరాచీ, కలకత్తా, రంగూనుల మీదుగా నవంబరు 24వ తేదీన బటావియా చేరిరి. మొత్తము 55 దినములు. ఓడయే వారికంటె ముందు చేరియుండును. కాని గాలిలో నున్నది సుమారు 127 గంటలు మాత్రమే. దారి కలదని తేలినది. ఇక కావలసినది చెడని యంత్రము.

ఆ పిదప 1930లో పక్షమున కొకటి, 1931లో వారమున కొకటి చొప్పున టపావిమానములు జావాకు నడచెను. ఆ కాలమున లోకములోని క్రమబద్ధమైన విమానమార్గములలో ఇది మిగుల దీర్ఘమైనది. ప్రయాణికుల సుఖమునకై 1935 నుండి స్త్రీలను పరిచారికలుగా నియమించిరి.

ఈ పక్షులలో హాలండువా రెన్నడు మరువనివి రెండు. మొదటిది ‘పెలికాను’. 1933లో క్రిస్మసు పండుగ యుత్తరములను ‘జిల్వర్‌మేవ్’, అనగా వెండిరంగు సముద్రకాకి, అను క్రొత్తవిమానముపై బంపదలచిరి. బయలుదేరవలసిననాడే దాని యంత్రము చెడినది. ఉత్తరములేమో మూటలు గట్టి సిద్ధముగా నున్నవి. వెంటనే పాతరకపు ‘పెలికాను’పై వాని నెక్కించి, డిసెంబరు 18వ తేదీన బంపిరి. నడపినవాడు రుష్యాదేశమున బుట్టిన ఇవాన్ స్మిర్నాఫ్. వారమునకు మించి పట్టెడు దూరమును నాలుగుదినములకు పైగా గొన్నిగంటలలో దాటి, పండుగకు మూడుదినములు ముందే బటావియా చేరిరి. అచటి బదులుత్తరములతో తిరిగి 30వ తేదీకి స్కిపోల్‌లో దిగిరి. ఆ చలిరాత్రి వేలకొలది జనులు మైదానమున నిలువబడి యెదురుచూచిరి. పందెము జూడ వచ్చిన గుంపు గాదది. అందెందరో తమ బిడ్డల చేవ్రాలు కొరకు వచ్చినవారు.

రెండవది ‘ఉయివర్’. ఈ మాటకు కొంగ యని యర్థము. 1934 అక్టోబరులో ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాలోని మెల్బోర్నునకు విమానపందెము జరిగెను. తక్కినవారిలో కొందరు పందెమునకే కట్టించిన విమానములతో రాగా, ఈ సంఘమువారు ప్రయాణికులను, టపాను ఎక్కించుకొనియే వచ్చిరి. గమ్యము సమీపించుచుండగా రాత్రివేళ గాలివానలో జిక్కి ‘ఉయివర్’ దారి తప్పెను. ఆల్బరీ యను చిన్నపట్టణమువారు తలపై తిరుగు విమానపుధ్వని విని, వీధిదీపముల నార్పుచు వెలిగించుచు, తంతిసంకేతములతో ఊరిపేరు తెలిపిరి. మోటారుబండ్లు గలవారందరు గుఱ్ఱపుపందెముల మైదానమునకు రావలెనని రేడియోలో గోరగా, బండ్లు వరుసదీరి, తమ దీపములతో దారి చూపెను. విమానము క్షేమముగా దిగెను. తెల్లవారి ఊరివారందరు త్రాళ్లు గట్టి దానిని బురదలోనుండి లాగి యంపిరి. పందెమున ‘ఉయివర్’ రెండవస్థానము పొందెను. ముఖమెరుగని పరదేశీయులకై వానలో దీపములు పట్టిన ఆ పట్టణముపేరు హాలండున ఇంటింట మారుమ్రోగెను.

కాని రెండునెలలు గడువకముందే, డిసెంబరు 20వ తేదీన, అదే ‘ఉయివర్’ క్రిస్మసు టపాతో జావాకు బోవుచు ఇరాకు ఎడారిలో గూలిపోయెను. అందలి ఏడుగురును మరణించిరి. ఒక సంవత్సరము పండుగను ముందే తెచ్చిన సంఘమే మరుసటి సంవత్సరము ఏడిండ్ల పండుగను ఆర్పివేసినది. వేగమునకు వెల గలదని జను లానాడు గ్రహించిరి.

ఆ వెల పిమ్మట మరింత పెరిగెను. 1940 మేలో జర్మను సైన్యములు హాలండును ముట్టడించెను. ఇంగ్లండు చేరిన కొన్ని విమానములు డచ్చి నావికులతో బ్రిస్టలు, లిస్బనుల నడుమ దిరిగెను. వానిలో ‘ఐబిస్’ అను పక్షి పేరు గలది రెండుమారులు శత్రువుల దాడినుండి తప్పించుకొని, 1943 జూన్ 1వ తేదీన మూడవదాడిలో 17 మందితో సముద్రమున గూలెను. ప్లెస్మనును జర్మనులు 1941లో చెరసాల బెట్టి, మరుసటి యేడు విడిచిరి. అతని కుమారుడు యాన్ యుద్ధవిమానము నడుపుచు 1944లో మరణించెను. మరియొక కుమారుడు హాన్స్ తండ్రి సంఘముననే విమానాధ్యక్షుడై, 1949 జూన్‌లో ఇటలీలోని బారీ నగరసమీపమున జరిగిన ప్రమాదమున గతించెను. పరుల బిడ్డల యుత్తరములను పరుల యిండ్లకు చేర్చిన తండ్రికి తన యిరువురు బిడ్డలనుండి ఉత్తరము వచ్చు నాశ లేకపోయెను. అయినను అతడు పని విడువలేదు. 1946లోనే ఆమ్‌స్టర్‌డామునుండి న్యూయార్కునకు దారి తెరచినవాడు, 1953 డిసెంబరు 31న మరణించువరకు సంఘమును నడిపెను.

జావా మొదలగు ద్వీపములు 1945లో స్వాతంత్ర్యమును ప్రకటించుకొనగా, 1949 డిసెంబరులో హాలండు దాని నంగీకరించెను. బటావియా జకార్తా యయ్యెను. సంఘమో, ఏ దారికొరకు బుట్టినదో ఆ దారిలో ఏలుబడి పోయినను నశింపలేదు. 1977 మార్చి 27న టెనరీఫ్ ద్వీపమున దాని పెద్దవిమానము వేరొక విమానముతో ఢీకొనగా 583 మంది మృతినొందిరి. విమానచరిత్రమున అంతటి ప్రమాదము మరియొకటి లేదు. 2004లో సంఘము ఫ్రాన్సు దేశపు విమానసంఘముతో గలిసినను పేరు మార్చుకొనలేదు. మొదటి పేరుతోనే నడుచుచున్న విమానసంఘములలో ఇదే మిగుల ప్రాచీనమైనది. 2025 సెప్టెంబరున ఆమ్‌స్టర్‌డామునుండి హైదరాబాదునకు దాని విమానము వచ్చెను.

సోదరీమణులారా, నేడు మన బిడ్డలు సముద్రముల కావల నుండియు క్షణములో మాటలాడుచున్నారు. ఆ సౌకర్యము ఆకాశమునుండి యూడిపడినది గాదు. ఎడారిలో గూలినవారును, వానలో దీపములు పట్టినవారును, రాత్రివేళ మైదానమున నిలిచిన తల్లులును దాని నించుక యించుకగా సంపాదించిరి. దూరమున నున్న బిడ్డనుండి రెండుమాటలు వచ్చిననాడు వారిని దలచుకొనుట మన విధి. బిడ్డలును, ఆ రెండుమాటలకై ఇంట నొకరు కనిపెట్టుకొని యుందురని మరువకుందురు గాక.