వేరుకెంత, ఆకుకెంత?

మనకు బదిలీలున్నాయి. మూడేళ్లకో నాలుగేళ్లకో సామాన్లు సర్దుకుని కొత్త ఊరు చేరుకుంటాం. మొక్కకు ఆ వీలు లేదు. విత్తనం ఎక్కడ మొలిస్తే దాని బతుకంతా అక్కడే. నేలలో తిండి తక్కువైతే అది తన ఒంటి తీరునే మార్చుకుంటుంది. ఎలా మార్చుకుంటుందో నత్రజని, అంటే నైట్రోజన్, విషయంలో చూద్దాం.

మనం పీల్చే గాలిలో దాదాపు 78 శాతం నత్రజనే. అయినా వరి, గోధుమ, మొక్కజొన్న వంటి పంటలు గాలిలోని నత్రజనిని నేరుగా వాడుకోలేవు. అది నేలలో నైట్రేట్‌గానో, అమ్మోనియంగానో మారి నీటిలో కరిగాకే వేర్లు పీల్చుకుంటాయి. ఆకుకు పచ్చదనమిచ్చే పత్రహరితంలోనూ, మాంసకృత్తులన్నిటిలోనూ నత్రజని ఉంటుంది. అది చాలనప్పుడు మొక్క పాత ఆకుల్లోని నత్రజనిని తీసి లేత ఆకులకు పంపుతుంది. అందుకే ముందుగా అడుగు ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.

మొక్కను ఒక కుటుంబం అనుకుందాం. ఆకు ఎండలో చక్కెర తయారుచేస్తుంది. వేరు నేల నుంచి నీరు, నత్రజని, ఇతర లవణాలు తెస్తుంది. ఒకరి పని లేనిదే మరొకరికి పూట గడవదు. నత్రజని కొరవడితే కొత్త ఆకులు కట్టడానికి సరుకు చాలదు. ఉన్న ఆకులు మాత్రం చక్కెర చేస్తూనే ఉంటాయి. పైన ఖర్చు కాని చక్కెరలో ఎక్కువ వాటా వేర్లకు వెళుతుంది. ఆ బలంతో వేర్లు సాగి కొత్త మట్టిని వెతుకుతాయి.

నత్రజని పుష్కలంగా ఉంటే లెక్క తారుమారవుతుంది. వేర్లలో సైటోకైనిన్ అనే హార్మోను ఎక్కువగా తయారై, పైకి చేరి, ఆకుల ఎదుగుదలను పెంచుతుంది. చక్కెరలో చాలా భాగాన్ని ఆకులు, పిలకలే వాడేసుకుంటాయి. వేరుకు దక్కే వాటా తగ్గుతుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించాలి. తగ్గేది వాటా, వేరు మొత్తం బరువు తగ్గాలని లేదు. లెక్క కోసం ఇలా అనుకుందాం. నత్రజని చాలని మొక్క ఎండాక 4 గ్రాములు తూగింది. అందులో 2 గ్రాములు వేరు. బాగా అందిన మొక్క 12 గ్రాములు. అందులో 3 గ్రాములు వేరు. రెండో మొక్క వేరే బరువైనది. కానీ వాటా చూస్తే మొదటిదానిలో సగం, రెండోదానిలో పావు.

వేరుకు చోటు ఎంచుకునే తెలివి కూడా ఉంది. 1975లో డ్రూ అనే శాస్త్రవేత్త బార్లీ వేరులో మధ్య భాగానికి మాత్రమే నైట్రేట్ ఎక్కువగా అందేలా ఏర్పాటు చేసి చూశారు. పిల్లవేర్లు సరిగ్గా ఆ భాగంలోనే గుబురుగా పెరిగాయి.

ఇదంతా రైతుకెందుకు? యూరియాలో 46 శాతం నత్రజని. 45 కిలోల కట్టలో దాదాపు 20.7 కిలోలన్నమాట. చల్లిన కొద్ది రోజులకే చేను ముదురు పచ్చగా నిగనిగలాడుతుంది. ఆ రంగు చూసి మరో కట్ట చల్లాలనిపిస్తుంది. అయితే మోతాదు మించితే కాడలు పొడుగై మెత్తబడతాయి. గింజ బరువెక్కే వేళ గాలివాన వస్తే చేను పడిపోతుంది. సుడిదోమ, అగ్గితెగులు కూడా అలాంటి చేలో ఎక్కువ. మెట్ట పంటల్లోనైతే, వాన ముఖం చాటేసినప్పుడు, పైన బోలెడు ఆకులుండి కింద చాలినన్ని వేర్లు లేని పైరు త్వరగా వాడిపోతుంది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐఆర్-8 వరి పొట్టిది. ఎక్కువ నత్రజని వేసినా అది పాత పొడుగు రకాల్లా తేలిగ్గా పడిపోదు.

అందుకే వరిలో నత్రజనిని ఒకేసారి గుమ్మరించకుండా దమ్ములో, పిలకల దశలో, అంకురం ఏర్పడే దశలో మూడు దఫాలుగా వేయమంటారు. ఆకు రంగుల పట్టికతో ఆకును పోల్చి చూసి, అవసరమైతేనే వేసే పద్ధతీ ఉంది. మన తెలుగు రైతులు వరికి ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూత దశలో కలియదున్నుతారు. వీటి వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. దున్నాక అది నేలకు చేరుతుంది.

మనం ఏ ఊళ్లో ఉన్నా దీన్ని పరీక్షించవచ్చు. రెండు డబ్బాల అడుగున చిల్లులు పెట్టి, కడిగిన ఇసుకలో కొద్దిగా మట్టి కలిపి నింపుదాం. రెంటిలోనూ గోధుమ గింజలు సమానంగా వేద్దాం. మొలిచాక ఒకదానికి మామూలు నీళ్లు, మరొకదానికి వారానికి రెండుసార్లు లీటరు నీటిలో పది పదిహేను యూరియా గుళికలు కరిగించిన నీళ్లు పోద్దాం. పెద్దల ఎదుటే చేసి, చేతులు కడుక్కోవాలి. మొదటి రోజుల్లో గింజలోని తిండే చాలుతుంది కనుక నెల రోజులు ఓపిక పట్టాలి. తర్వాత మొక్కలను వేర్లు తెగకుండా నీటిలో కడిగి, ఆరబెట్టి, వేరును, పై భాగాన్ని విడివిడిగా తూచాలి. ఏ డబ్బాలో వేరు వాటా ఎక్కువ? కొలతలు తెలుగులోనే రాసుకుని తరగతికి తెస్తే అందరం కలిసి లెక్క కడదాం.