ఏ జబ్బుకు పెద్దపీట?

అంటువ్యాధులు వందల్లో ఉన్నాయి. డబ్బు, మందులు, సిబ్బంది మాత్రం ఎప్పుడూ చాలవు. మరి ముందు ఏ జబ్బును పట్టించుకోవాలి? దీనికి 2011లో ఇంగ్లాండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక సులువైన దారి చూపారు. ఆ జబ్బు గురించి శాస్త్రవేత్తలు ఎంత రాశారో లెక్కపెట్టడమే ఆ దారి.

ఈ లెక్కను హెచ్-ఇండెక్స్ అంటారు. శాస్త్రవేత్తల పనిని కొలవడానికి 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని తయారుచేశారు. ఒక జబ్బు మీద వచ్చిన వ్యాసాల్లో పదింటిని, ఒక్కొక్కదాన్ని కనీసం పదిసార్లు ఇతరులు తమ వ్యాసాల్లో పేర్కొంటే ఆ జబ్బు ఇండెక్స్ పది. ఇరవై వ్యాసాలు ఇరవయ్యేసి సార్లయితే ఇరవై. ఊరూరా తిరిగి రోగులను లెక్కించనక్కరలేదు, కంప్యూటర్ ముందే తేలిపోతుంది. జబ్బుల వల్ల మనుషులు పోగొట్టుకునే ఆరోగ్యవంతమైన సంవత్సరాల లెక్కతో దీనికి పొంతన ఉందని కూడా వారు చూపారు.

పనికొచ్చే లెక్కే. కానీ దీన్నొక్కదాన్నే నమ్మకూడదని మా అభిప్రాయం. కోవిడ్ 2019 చివర బయటపడినప్పుడు దాని మీద ఒక్క వ్యాసమూ లేదు.

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాను ఏళ్ల తరబడి పీడించిన బోదకాలునే చూడండి. ప్రాణం తీయదు, మనిషిని మూలన కూర్చోబెడుతుంది. ఎక్కువగా పేదలకే వస్తుంది కనుక రాసేవారు తక్కువ. రాయకపోతే డబ్బు రాదు, డబ్బు రాకపోతే ఎవరూ రాయరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో 1940లలో కనిపెట్టిన డి.ఇ.సి. మాత్రే ఇప్పటికీ మనకు దిక్కు.

క్షయ మీద వ్యాసాలకు కొదవ లేదు. అయినా ఆ జాబితా చూసి రామగిరి, గోదావరిఖని గని కార్మికుల సంగతి ఎవరికీ తెలియదు. రాతి దుమ్ము చేరిన ఊపిరితిత్తులకు క్షయ సులువుగా పట్టుకుంటుంది. అందుకే దగ్గుతో ఎవరు వచ్చినా మేము ముందుగా అడిగేది గనిలో ఎన్నేళ్లు చేశారని. రెండు వారాలు దాటిన దగ్గుంటే కఫం పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఫైలేరియా మాత్రలు పంచితే జేబులో వేసుకోక అక్కడే మింగండి. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్రంగా జబ్బుపడినవారు వేసుకోకూడదు. కాలు వాచినవారు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకోవాలి.