తూము తలుపునకు రెండు వైపుల తిరుగు మోటారు — స్టార్టరు కలుపు విధానము

త్రీఫేజు మోటారుకు ఎరుపు, పసుపు, నీలము గుర్తులు గల మూడు తీగల ద్వారా విద్యుత్తు వచ్చును. వీనిలో ఏ రెండింటినైనను తారుమారు చేసినచో మోటారు ఎదురు దిక్కున తిరుగును. బావి మోటారు గల రైతు సోదరులకు ఇది అనుభవమే. ట్రాన్స్‌ఫార్మరు మరమ్మతు జరిగిన మరునాడు పంపు మోత వినబడును గాని నీరు సరిగా రాదు. సెంట్రిఫ్యూగల్ పంపు ఎదురు తిరిగినను నీటిని వెనుకకు పంపదు, ముందుకే తక్కువగా నెట్టును. అందుచేత తప్పు వెంటనే తెలియదు.

పంపునకు దోషమైన ఈ గుణమే కొన్ని యంత్రములకు ఆధారము. హైదరాబాదు వెళ్లినప్పుడు యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్సు మేడలలో మీరు లిఫ్టు ఎక్కియుందురు. ఒకే మోటారు దానిని ఎత్తును, దించును. మన పొలములకు దగ్గరి ఉదాహరణ కాలువ తూము తలుపు. మరకడ్డీపై చేతిచక్రమును గంటసేపు త్రిప్పుటకు బదులు లస్కరు ఒక బొత్తాము నొక్కిన చాలును. అయితే తీగలు సరిగా కలిపినప్పుడే యిది సుఖము. తప్పు కలిపినచో కడ్డీ వంగును, తలుపు పగులును, ఒక్కొక్కప్పుడు మోటారు కాలిపోవును.

ఈ పనికి రెండు కాంటాక్టర్లు కావలెను. కాంటాక్టరు అనగా తీగచుట్టకు విద్యుత్తు అందగానే అయస్కాంతమై, మూడు ఫేజులను ఒక్కసారిగా కలుపు సాధనము. మొదటిది మూడు తీగలను ఉన్నవి ఉన్నట్లే మోటారుకు అందించును. దీనిని ‘ఎత్తు’ అందము. రెండవది రెండు తీగలను తారుమారు చేసి అందించును, ఇది ‘దించు’. రెండింటి తరువాత, మోటారుకు ముందు ఒకే ఓవర్‌లోడు రిలే చాలును. దాని ముల్లును మోటారు పలకపై వ్రాసిన ఆంపియర్ల వద్ద నిలుపవలెను. 5 హార్సుపవరు మోటారు నిండు పనిలో సుమారు 7 ఆంపియర్లు తీసికొనును. రిలే మాటిమాటికి పడిపోవుచున్నదని ముల్లును 12కు జరుపుట జ్వరము తెలియకుండ థర్మామీటరును పగులగొట్టుట వంటిది.

రెండు కాంటాక్టర్లు ఒకేసారి కలిసినచో రెండు ఫేజులు నేరుగా తగిలి పెట్టెలోనే మంట లేచును. కాబట్టి ఇంటర్‌లాకు తప్పనిసరి. ప్రతి కాంటాక్టరునకు ప్రక్కన చిన్న సహాయక కొనలుండును. మామూలుగా కలిసియుండి, కాంటాక్టరు లాగినప్పుడు విడిపోవు కొనను రెండవదాని చుట్ట దారిలో చేర్చవలెను. ‘ఎత్తు’ పనిచేయునంతసేపు ‘దించు’ చుట్టకు విద్యుత్తు అందదు. అటులనే రెండవ వైపును. దీనితోపాటు రెండింటి నడుమ బిగించు మెకానికల్ ఇంటర్‌లాకు కూడ కొనవలెను. కొనలు కరిగి అతుక్కొనినప్పుడు ఆదుకొనునది అదే. మోటారు పూర్తిగా ఆగినపిదప మాత్రమే రెండవ బొత్తాము నొక్కవలెను.

ఇక లిమిటు స్విచ్చులు. తలుపు పైకి చేరగానే తగులునది ‘ఎత్తు’ చుట్ట దారిలోను, అడుగున తగులునది ‘దించు’ చుట్ట దారిలోను ఉండవలెను. మోటారు కాలుటకన్న ఎక్కువగా కడ్డీలు వంగుట ఇక్కడి పొరపాటు వలననే జరుగును. ఎట్లనగా, బయట లైనులో ఫేజులు తారుమారైనవనుకొనుడు. లస్కరు ‘ఎత్తు’ నొక్కును, తలుపు దిగును. అడుగున స్విచ్చు తగులును గాని అది ‘దించు’ దారిలోనున్నది. నడుచుచున్నది ‘ఎత్తు’ కాంటాక్టరు. మోటారు ఆగదు. తలుపు రాతిని నొక్కును, కడ్డీ విల్లువలె వంగును. ఓవర్‌లోడు రిలే పడునప్పటికి ఆలస్యమగును.

దీనికి మందు ఫేజుల వరుస చూచు రిలే. వరుస తప్పినను, ఒక ఫేజు పోయినను అది చుట్టల దారిని తెంచును. వంగిన కడ్డీ మార్పించు ఖర్చుతో పోల్చినచో దాని వెల స్వల్పము. బావి పంపునకును ఇది పనికివచ్చును, ముఖ్యముగా ఆటో స్టార్టరు గలవారికి. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభమైనప్పుడు ఆటో స్టార్టర్లను తీసివేయుడని రైతులను కోరిరి. భూగర్భజలము వృథా కారాదని ఉద్దేశ్యము. తూము తలుపునకైతే ఆటో స్టార్టరు ఎన్నడును పెట్టరాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు తలుపు తనంత తాను కదలకూడదు. మనిషి వచ్చి బొత్తాము నొక్కవలసినదే.

క్రొత్తగా బిగించినప్పుడు పరీక్ష యిట్లు చేయుడు. చేతిచక్రముతో తలుపును నడిమికి తెచ్చి చక్రమును తీసివేయవలెను. ‘ఎత్తు’ను క్షణము నొక్కి ఆపవలెను. తలుపు దిగినచో మోటారు వద్ద రెండు తీగలు మార్చవలెను. బొత్తాములపై పేర్లు మార్చి ఊరుకొనరాదు. అట్లు చేసినచో లిమిటు స్విచ్చులు పైన చెప్పిన గతినే పట్టును. పిదప తలుపు లేచుచుండగా పై స్విచ్చు మీటను ఎండిన కర్రతో నొక్కి చూడుడు. వెంటనే ఆగవలెను. క్రింది స్విచ్చును దిగునప్పుడు అటులనే చూడుడు.

సింగిల్ ఫేజు మోటారుకు ఈ కలుపు పనికిరాదు. అందులో స్టార్టింగు చుట్ట కొనలను మార్చవలెను, అదియు మోటారు నిలిచియున్నప్పుడే.

తీగల పని లైసెన్సు గల వైర్‌మెన్‌చేతనే చేయించవలెను. మోటారుకు రెండు వేర్వేరు ఎర్తులు ఉండవలెను. చేతిచక్రమును మాత్రము పారవేయకుడు. 2022 జూలై వరదలో నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టు 18 గేట్లలో ఒకటి తెరుచుకొనలేదు. వరద వచ్చు రాత్రియే కరెంటు పోవుట కూడ మామూలే. చక్రమును తాళము వేసిన గదిలో గాక, లస్కరు చేతికందునట్లు తూము వద్దనే గొలుసుతో కట్టియుంచవలెను. వానకాలమునకు ముందు మరలకు గ్రీజు పెట్టి ఒకసారి త్రిప్పి చూడవలెను. స్టార్టరు పెట్టెలో బల్లులు, కందిరీగలు చేరకుండ తీగల రంధ్రములను మూయుట మరువకుడు.